యాభై ఒకటో టిక్కీ

అరండల్‌పేటలో టైర్ల కొట్టు పైన
రెండో అంతస్తు.
గోడకి తెల్ల బోర్డు, దాని మీద మూడు గళ్లు,
నేనే స్కేలు పెట్టి గీశాను:
చెయ్యాలి. చేస్తున్నాం. అయిపోయింది.
మధ్య గడి నెత్తిన ఎర్రగా ఒక అంకె, మూడు.
మూడు చీటీలకు మించి అక్కడ ఉండకూడదు.

ఉండకూడదు అన్నానే గానీ
ఫిబ్రవరి దాటేసరికి పదకొండు.
సీజను మరి.
మిర్చి యార్డుకి రాత్రంతా లారీలు,
మాకు తెల్లారకముందే ఫోన్లు.
కమీషన్ కొట్టుకి పట్టీ మీద తన గుర్తు పెద్దది కావాలి,
కోల్డ్ స్టోరేజీకి బాండ్లు వేరే రంగులో కావాలి,
ఎవరికో సంతకం పక్కన ఫోటో కావాలి.
అన్నిటికీ పసుపు చీటీలే, అన్నీ అర్జెంటే.
జోజిబాబు పొద్దున ఒకటి మొదలెడతాడు,
టీ లోపు ఇంకోటి,
సాయంత్రం మూడోది తెరిచి
మొదటిదాని పేరు మర్చిపోతాడు.
"అన్నీ తొంభై శాతం అయినయ్ మేడమ్."
ఆ మిగిలిన పది శాతాలన్నీ కుప్ప పోస్తే
ఒక ఏడాది పంట.

యార్డు వైపు నుంచి గాలి తిరిగిన రోజు
ఆఫీసంతా తుమ్ముతుంది.
ఆ దుమ్ముకి జిగురు ఆగదు,
ఫ్యాను రెండు మీద పెడితే చీటీలు లేచిపోతాయి.
ఊడ్చేటప్పుడు మార్తమ్మ ఏరి
ఖాళీ ఎక్కడుంటే అక్కడ అంటిస్తుంది.
ఆమె చేతి చలవ వల్ల
నాలుగు పనులు ఒక్క అక్షరం రాయకుండానే అయిపోయాయి.
నవ్వుకున్నాం.

మార్చి మొదటి మంగళవారం
మెట్ల కింద చెప్పులు విడిచి బాజీ వచ్చాడు.
కాటా దగ్గర హమాలీ. భుజాన కొంకి,
చేతిలో చెమటకి మెత్తబడ్డ మా కాయితం.
"యాభై ఒక్క టిక్కీ మోశానమ్మా.
మీ చీటీ యాభై అంటంది.
ఒకటి నా వీపు మీద నుంచి ఎటు పోయింది?"

ఫిర్దౌస్ లేచి నిలబడింది.
"ఇది నేను రాశాను మేడమ్. జనవరిలో.
రెండు వందల పదిహేడో నంబరు."

బోర్డు మీద లేదు.
ఫైళ్లలో లేదు. యూపీఎస్ కింద, ఎర్రటి దుమ్ములో
బోర్లా పడి ఉంది.
ఆమె సన్నటి రాత:
పేజీ తిరిగితే మొదటి టిక్కీ లెక్కలోకి రావడం లేదు.

పేజీకి యాభై వరసలు.
యాభై దాటిన లాట్లు ఎన్నో చూశాను,
మూడు వందల పన్నెండు.
టిక్కీకి నలభై కిలోలు. రేటుతో నేను గుణించలేదు.
ఫిర్దౌస్ గుణించింది. పైకి చెప్పలేదు.

బాజీ మాత్రం బోర్డు ముందు నిలబడ్డాడు.
"ఇదేందమ్మా?"
చెప్పాను, ఏ గడి ఏమిటో.
"మజ్జలో ఇన్నా?"
ఊరుకున్నాను.
"కాటా మీద ఒకటుండగా రెండోది పెడితే
ఏది తూగినట్టు?
ముందుది దించాకే నే వంగుతా."

అతను వెళ్లాక
మధ్య గడిలోంచి పదకొండూ ఊడబీకాను.
ఫోను మోగింది. మోగనిచ్చాను.
ఒక్కటే పెట్టాను అక్కడ, గుండుసూది గుచ్చి.
జోజిబాబు మిగతా కిటికీలన్నీ మూసేశాడు.
రాత్రి తొమ్మిదికి దొరికింది.
యాభై అని ఉండాల్సిన చోట
యాభై ఒకటి. అంతే.
ఎవరు రాశారని ఎవరమూ అడగలేదు.
రాసింది నేనే.

చీటీ తీసి మూడో గడిలోకి జరపబోతే
ఫిర్దౌస్ చెయ్యి అడ్డం పెట్టింది.
"ఇప్పుడు కాదు మేడమ్. డబ్బు చేరాక."

స్కేలు వెతికి నాలుగో గీత గీశాను.
బోర్డులో చోటు చాలక
గడి వంకరగా గోడ మీదికి పోయింది.
దాని పేరు: ముట్టింది.

పిడుగురాళ్ల, ప్రత్తిపాడు, సత్తెనపల్లి...
ఒక్కో లాటుకీ ఒక్కో చిన్న ముక్క.
నిన్నటికి నూట ఎనభై నాలుగు.
మార్తమ్మ ఇప్పుడు అడిగి అంటిస్తోంది,
"ఇది ముట్టిందా అమ్మా?"

ఫ్యాను ఒకటి మీదే తిరుగుతోంది.
రెండు వందల పదిహేడు
సూదికి వేలాడుతూ
ఇంకా మధ్యలోనే.